మీ ఫార్మసీ ఇన్సూరెన్స్ నెట్‌వర్క్ నుంచి తప్పుకుంటే: మందుల ఖర్చు ఎక్కడ పెరుగుతుంది, ఎక్కడ తగ్గించుకోవచ్చు

అమెరికాలో డిసెంబర్ దగ్గరపడేసరికి చాలా ఇళ్లకు ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఓ ఉత్తరం వస్తుంది. "జనవరి 1 నుంచి ఫలానా ఫార్మసీ మీ ప్లాన్ నెట్‌వర్క్‌లో ఉండదు" అన్నది దాని సారాంశం. చాలామంది దాన్ని చూడకుండానే పక్కన పెట్టేస్తారు. జనవరిలో రీఫిల్‌కి వెళ్లాక, పోయిన నెల 10 డాలర్లున్న మందుకు కౌంటర్లో ఇంకేదో పెద్ద అంకె చెబుతారు. టెన్షన్ అక్కడ మొదలవుతుంది.

ఇది కొత్తగా వచ్చిన సమస్య కాదు. 2012 జనవరి 1న వాల్‌గ్రీన్స్ మందుల దుకాణాలన్నీ, ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున మందుల వ్యవహారం చూసే ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్ నెట్‌వర్క్ నుంచి బయటికి వచ్చాయి. మళ్లీ అందులో చేరడానికి సెప్టెంబర్ 15 దాకా పట్టింది. 2019 జనవరిలో అలాంటిదే మరో సంస్థ సీవీఎస్ కేర్‌మార్క్, వాల్‌మార్ట్ విడిపోతున్నట్టు ప్రకటించి, కొద్ది రోజుల్లోనే రాజీపడ్డాయి. 2022 చివర్లో ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్ నుంచి విడిపోయిన క్రోగర్ తిరిగి కలిసింది 2025 మొదట్లోనే. అంటే మధ్యలో రెండేళ్లు గడిచాయి. డాలస్, అట్లాంటా చుట్టుపక్కల ఉండే మనవాళ్లలో కూరగాయలకు క్రోగర్‌కి వెళ్లినప్పుడే మందులూ తెచ్చుకునే అలవాటున్నవాళ్లకు ఆ రెండేళ్లు బాగా గుర్తుండే ఉంటాయి.

ఇలాంటప్పుడు జనం సాధారణంగా రెండు పనుల్లో ఒకటి చేస్తారు. పాత షాపు మీద నమ్మకంతో అక్కడే పూర్తి ధర కట్టడం ఒకటి. కంగారుగా మందులన్నింటినీ నెట్‌వర్క్‌లో ఉన్న మరో షాపుకు మార్చేయడం రెండోది. చాలా కుటుంబాలకు ఈ రెండూ అవసరానికి మించిన ఖర్చే. లెక్క షాపును బట్టి కాకుండా ఒక్కో మందును బట్టి వేసుకోవాలి. ఎందుకో తెలియాలంటే ముందు డబ్బు ఏ దారిలో నడుస్తుందో చూడాలి.

## కౌంటర్ వెనక ఉండే మూడో మనిషి

మందుల కొనుగోలు మనకూ ఫార్మసీకీ ఇన్సూరెన్స్ కంపెనీకీ మధ్య జరిగే వ్యవహారంలా కనిపిస్తుంది. నిజానికి బేరమాడేది ఇంకొకరు. వాళ్లను పీబీఎం అంటారు. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున, లేదా మనకు ఉద్యోగమిచ్చిన కంపెనీ తరఫున, మందుల వ్యవహారమంతా చూసే మధ్యవర్తి సంస్థ అది. ఏ మందుకు ఎంత చెల్లించాలి, ఏ మందును జాబితాలో ఉంచాలి, ఏ ఫార్మసీని నెట్‌వర్క్‌లోకి తీసుకోవాలి అన్నవి అక్కడే తేలతాయి. సీవీఎస్ కేర్‌మార్క్, ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్, ఆప్టమ్ ఆర్ఎక్స్ అనే మూడు సంస్థలే 2023లో అమెరికాలోని ప్రిస్క్రిప్షన్లలో దాదాపు 80 శాతం చూశాయని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 జులైలో తేల్చింది.

ఫార్మసిస్ట్ మన కార్డు మీది నంబర్లు కొట్టగానే పీబీఎం కంప్యూటర్‌కి క్లెయిమ్ వెళ్తుంది. మన దగ్గర ఎంత తీసుకోవాలో, ఫార్మసీకి మొత్తం ఎంత వస్తుందో కొన్ని సెకన్లలో జవాబు వచ్చేస్తుంది. ఆ ఫార్మసీకి పీబీఎంతో ఒప్పందం ఉంటే అది నెట్‌వర్క్ ఫార్మసీ. ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నా అది నెట్‌వర్క్ ఆసుపత్రుల్లోనే చెల్లినట్టు, ఇక్కడ ఆ నియమం మందుల షాపుకు వర్తిస్తుంది. ఒప్పందం లేకపోతే క్లెయిమ్ తిరస్కరిస్తారు. మన ఇన్సూరెన్స్ ఎక్కడికీ పోదు, ఆ కౌంటర్ దగ్గర మాత్రం పనిచేయదు.

## గొడవ దేని గురించి

ఫార్మసీకి పీబీఎం ఇచ్చే డబ్బులో రెండు భాగాలుంటాయి. ఒకటి మందు ధర, రెండోది మందు తీసి లెక్కపెట్టి, సరిచూసి ఇచ్చినందుకు ఇచ్చే చిన్న ఫీజు. చాలా మందులకు ఈ రెండూ కలిపినా తాము హోల్‌సేల్‌లో కొన్న ధర కూడా రావడం లేదని ఫార్మసీలు అంటాయి. సొంతంగా నడిచే చిన్న షాపుల మీద ఈ దెబ్బ ఎక్కువ పడుతుంది. పైగా ఆ మూడు పెద్ద పీబీఎంలకు సొంత మెయిల్ ఆర్డర్ ఫార్మసీలున్నాయి. సీవీఎస్‌కైతే వీధివీధినా దుకాణాలు కూడా ఉన్నాయి. పోటీదారు షాపుకు ఎంత ఇవ్వాలో నిర్ణయించేవాడే పక్కన సొంత షాపు నడుపుతుంటే ఇక న్యాయం ఎక్కడిదని ఫార్మసీలు అడుగుతున్నాయి.

పీబీఎంల వాదన కొట్టిపారేయదగింది కాదు. ఫార్మసీ గొలుసు ఎంత అడిగితే అంత ఇచ్చుకుంటూ పోతే, ఆ భారం చివరికి ప్రీమియం రూపంలో ఉద్యోగుల మీదే పడుతుంది. "ఈ రేటుకు ఒప్పుకోకపోతే నెట్‌వర్క్‌లో ఉండవు" అని చెప్పగలిగినప్పుడే ధర తగ్గుతుంది. ఆ మాట నిజంగా అమలుచేసే శక్తి లేకపోతే బేరానికి అర్థమే ఉండదు. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నివేదిక తమను తప్పుగా చూపించిందంటూ ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్ కోర్టుకు కూడా వెళ్లింది. రాష్ట్రాలూ రంగంలోకి దిగాయి. ఫార్మసీలకు పీబీఎంలు చెల్లించే రేట్లను రాష్ట్రాలు నియంత్రించవచ్చని ఆర్కన్సా కేసులో సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. అదే ఆర్కన్సా 2025లో ఇంకో అడుగు వేసి, పీబీఎంలు సొంతంగా ఫార్మసీలు నడపకూడదని చట్టం చేసింది. ఫెడరల్ కోర్టు దాన్ని అమలు కాకుండా ఆపింది.

ఒకటి మాత్రం నాకు స్పష్టంగానే కనిపిస్తోంది. ఇద్దరి వాదనల్లో ఎవరిది ఎక్కువ న్యాయమైనా, బేరం తెగేదాకా ఇబ్బంది పడేది ఆ బేరంలో మాటే లేని రోగి.

## ఉత్తరంలో ఏముందో సరిగ్గా చదవాలి

"నెట్‌వర్క్‌లో లేదు" అని జనం అనుకునే పరిస్థితులు నిజానికి ఒకేలా ఉండవు. చాలా ప్లాన్లలో నెట్‌వర్క్ లోపలే ప్రిఫర్డ్ ఫార్మసీలు, మామూలు ఫార్మసీలు అని రెండు తరగతులుంటాయి. మీ షాపు ప్రిఫర్డ్ హోదా మాత్రమే పోగొట్టుకుంటే ఇన్సూరెన్స్ ఇంకా పనిచేస్తుంది. 5 డాలర్ల కోపే 15 కావచ్చు, అంతే. కోపే అంటే మందు ధర ఎంతున్నా మనం కట్టే స్థిరమైన మొత్తం. దీనికి భయపడి షాపు మార్చాల్సిన పని చాలాసార్లు ఉండదు.

పూర్తిగా బయటికి వెళ్లిపోతే కొన్ని ప్లాన్లు ముందు మనల్ని పూర్తి ధర కట్టమని, తర్వాత రసీదుతో క్లెయిమ్ పెట్టుకోమంటాయి. అయితే తిరిగి ఇచ్చేది మనం కట్టిన ధర లెక్కన కాదు. నెట్‌వర్క్ షాపుకైతే ఎంత ఇచ్చేవాళ్లో ఆ లెక్కన, అందులోంచి కోపే తీసేసి ఇస్తారు. ఇంకొన్ని ప్లాన్లు అత్యవసరమైతే తప్ప ఒక్క డాలర్ కూడా ఇవ్వవు.

ఇంకో మెలిక ఉంది. ఒకే పీబీఎం ఒక్కో కంపెనీకి ఒక్కో నెట్‌వర్క్ కట్టి ఇస్తుంది. స్నేహితుడి కార్డు మీద అదే పీబీఎం పేరున్నా, అతని షాపు నెట్‌వర్క్‌లో ఉండి మీది లేకపోవచ్చు. వాట్సాప్ గ్రూపులో ఎవరో "మాకు పనిచేస్తోంది" అన్నారని నమ్మడానికి వీల్లేదు. మీ కార్డు మీది గ్రూప్ నంబర్‌తో అడిగినప్పుడు వచ్చే జవాబే మీకు వర్తిస్తుంది.

## నాలుగు మందులతో ఒక లెక్క

అంకెలు ఊహించినవే అయినా పద్ధతి అసలైనదే. ఒకాయనకు షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ కోసం మూడు జెనరిక్ మాత్రలు ఉన్నాయి. రక్తం గడ్డకట్టకుండా ఒక బ్రాండ్ మందు కూడా వాడుతున్నాడు. ప్లాన్‌లో జెనరిక్‌కి నెలకు 10 డాలర్ల కోపే, బ్రాండ్‌కి 50. నెలకు మొత్తం 80 డాలర్లు, ఏడాదికి 960.

ఫార్మసీ నెట్‌వర్క్ దాటింది. ఆయన అదే షాపులో ఏ కార్డూ లేకుండా కొన్నాడనుకుందాం. జెనరిక్‌లు ఒక్కోటి 25 చొప్పున 75 డాలర్లు, బ్రాండ్ మందు 600. నెలకు 675 డాలర్లు. ఈ అంకె చూసే జనం హడలిపోతారు. కానీ అందులో 600 ఒక్క మందుదే.

ఇప్పుడు మందులను విడదీద్దాం. బ్రాండ్ మందును నెట్‌వర్క్‌లో ఉన్న వేరే ఫార్మసీకి మారిస్తే మళ్లీ 50 డాలర్లే. మూడు జెనరిక్‌లను పాత షాపులోనే ఉంచి, ఇన్సూరెన్స్ జోలికి వెళ్లకుండా, డిస్కౌంట్ కార్డుతో మూడు నెలల సరుకు ఒకేసారి తీసుకుంటే ఒక్కోటి 15 డాలర్లకు దొరికిందనుకుందాం. మూడు నెలలకు 45, అంటే నెలకు 15. మొత్తం నెలకు 65 డాలర్లు, ఏడాదికి 780. నెట్‌వర్క్‌లో ఉన్నప్పటికంటే 180 డాలర్లు తగ్గింది.

ఇది చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. చవక జెనరిక్‌ల విషయంలో కోపేనే అసలు ధర కంటే ఎక్కువగా ఉండటం అరుదేమీ కాదు. ఒకప్పుడు కొన్ని ఒప్పందాల్లో "నగదుకు కొంటే తక్కువ పడుతుంది" అని ఫార్మసిస్ట్ తనంతట తాను చెప్పకూడదనే నిబంధన ఉండేది. 2018 అక్టోబర్‌లో వచ్చిన రెండు ఫెడరల్ చట్టాలు దాన్ని నిషేధించాయి. ఇప్పుడు అడిగితే చెబుతారు. అడగాలి మాత్రం.

బ్రాండ్ మందుల సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. వాటి మీద డిస్కౌంట్ కార్డులు తగ్గించేది సాధారణంగా కొంచెమే. ప్రైవేట్ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకు తయారీ కంపెనీ ఇచ్చే కోపే కార్డు పనికొస్తుంది. ఇన్సులిన్‌కి మాత్రం దారి వేరు. 2023 నుంచి పెద్ద తయారీదారులు ధరలు తగ్గించడంతో పాటు నెలకు 35 డాలర్ల పరిమితి పథకాలు తెచ్చారు.

## డిస్కౌంట్ కార్డు, వాల్‌మార్ట్ జాబితా, ఆన్‌లైన్ ఫార్మసీ

గుడ్ఆర్ఎక్స్ లాంటి డిస్కౌంట్ కార్డు ఇన్సూరెన్స్ కాదు. అది కూడా ఒక పీబీఎం కుదుర్చుకున్న రేటునే వాడుతుంది. మన ప్లాన్‌తో సంబంధం లేని దారిలో వెళ్తుంది కాబట్టి మన నెట్‌వర్క్‌లో లేని ఫార్మసీలోనూ చెల్లుతుంది. ధర మాత్రం షాపు షాపుకూ మారుతుంది. ఒకే వీధిలో రెండు షాపుల మధ్య మూడింతల తేడా కనిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇంకో సంగతీ గుర్తుంచుకోవాలి. వాడుకరుల ఆరోగ్య సమాచారాన్ని ప్రకటనల సంస్థలకు ఇచ్చిందన్న ఆరోపణపై 2023లో గుడ్ఆర్ఎక్స్ 15 లక్షల డాలర్ల జరిమానాకు ఒప్పుకోవాల్సి వచ్చింది. గోప్యత ముఖ్యమనుకునేవాళ్లు ఈ సంగతి తెలుసుకునే వాడాలి.

వాల్‌మార్ట్ 2006లో మొదలుపెట్టిన 4 డాలర్ల జెనరిక్‌ల జాబితా ఇంకా ఉంది. కాస్ట్‌కో ఫార్మసీలో మందులు కొనడానికి సభ్యత్వం అక్కర్లేదన్న సంగతి చాలామందికి తెలియదు. వ్యాపారవేత్త మార్క్ క్యూబన్ 2022లో ప్రారంభించిన కాస్ట్ ప్లస్ డ్రగ్స్ తన లెక్కను బయటపెట్టి అమ్ముతుంది. కొన్న ధర మీద 15 శాతం లాభం, దాని మీద ఫార్మసీ ఫీజు, పోస్టు ఖర్చు. ఖరీదైన జెనరిక్‌లకు ఇది బాగా కలిసొస్తుంది. నెలకు నాలుగైదు డాలర్లకు దొరికే మందుకు మాత్రం పోస్టు ఖర్చే బరువవుతుంది.

ఆదాయం తక్కువగా ఉన్నవాళ్లకు, ఇన్సూరెన్స్ లేనివాళ్లకు ఫెడరల్ సాయంతో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు ఉన్నాయి. అక్కడ ఫీజు ఆదాయాన్ని బట్టి తగ్గుతుంది. చాలా సెంటర్లలో మందులు కూడా తక్కువ ధరకు దొరుకుతాయి.

## అదే కుటుంబం, రెండు సంవత్సరాలు, రెండు జవాబులు

నగదుకు కొనడంలో ఒక మెలిక ఉంది. ఇన్సూరెన్స్ దారిలో వెళ్లని డబ్బు సాధారణంగా డిడక్టిబుల్‌లో జమ కాదు. డిడక్టిబుల్ అంటే ఇన్సూరెన్స్ తన వాటా మొదలుపెట్టే ముందు ఏడాదిలో మనం సొంతంగా భరించాల్సిన మొత్తం. అది దాటాక కూడా బిల్లులో కొంత శాతం మనమే కడతాం. దాన్ని కాయిన్సూరెన్స్ అంటారు.

ఒక కుటుంబానికి డిడక్టిబుల్ 1,700 డాలర్లు, ఆ తర్వాత కాయిన్సూరెన్స్ 20 శాతం అనుకుందాం. వాళ్ల మందులు ఇన్సూరెన్స్ రేటులో నెలకు 40 డాలర్లు, డిస్కౌంట్ కార్డుతో 25.

మొదటి ఏడాది ఎవరికీ పెద్ద జబ్బు లేదు. డిడక్టిబుల్ నిండే అవకాశమే లేదు. ఇన్సూరెన్స్‌తో కొంటే 480, కార్డుతో కొంటే 300. కార్డే మేలు, 180 మిగిలింది.

రెండో ఏడాది జూన్ చివర్లో కాన్పు. ఆసుపత్రి బిల్లు ఎలాగూ డిడక్టిబుల్‌ని దాటిస్తుంది. ఇన్సూరెన్స్‌తో కొన్నవాళ్లు జూన్ దాకా మందులకు కట్టిన 240 డాలర్లు డిడక్టిబుల్‌లో జమ అవుతాయి. ఆసుపత్రికి వాళ్లు నింపాల్సింది 1,460 మాత్రమే. మిగతా ఆరు నెలలు మందులకు నెలకు 8 డాలర్లు, అంటే 48. కార్డుతో కొన్నవాళ్లు 300 డాలర్లు కట్టి, ఆసుపత్రి దగ్గర 1,700 కూడా కడతారు. కాయిన్సూరెన్స్‌లో వచ్చే తేడాను కూడా సరిచేస్తే కార్డుతో కొన్న కుటుంబానికి సుమారు 200 డాలర్లు ఎక్కువ ఖర్చవుతుంది. మందులు మారలేదు, షాపు మారలేదు. ఏడాది మారేసరికి జవాబు తలకిందులైంది.

ఈ ఇబ్బందిని తగ్గించడానికి కొన్ని పీబీఎంలు డిస్కౌంట్ ధరను తమ వ్యవస్థలోనే కలిపేశాయి. కేర్‌మార్క్, ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్ గుడ్ఆర్ఎక్స్‌తో అలాంటి ఏర్పాట్లు చేసుకున్నాయి. అర్హత ఉన్న ప్లాన్లలో రెండింట్లో తక్కువ ధరే పడుతుంది, అది డిడక్టిబుల్‌లోనూ జమ అవుతుంది. అయితే ఇది నెట్‌వర్క్ ఫార్మసీల్లోనే. ఇక హెచ్ఎస్ఏ, అంటే వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా డబ్బు దాచుకునే ఖాతా, ఉన్నవాళ్లు నగదుకు కొన్న ప్రిస్క్రిప్షన్ మందులకు కూడా ఆ ఖాతా డబ్బు వాడుకోవచ్చు. రసీదు దాచుకుంటే చాలు.

## రెండు షాపుల్లో కొంటే ప్రమాదమా

మందులు విడదీయడానికి ఫార్మసిస్టులు చెప్పే అభ్యంతరం ఒకటుంది, అది గట్టిదే. అన్ని మందులూ ఒకే చోట ఉంటే, కొత్త మందు పాతదానితో పడదని కంప్యూటర్ వెంటనే హెచ్చరిస్తుంది. ఇన్సూరెన్స్ ద్వారా కొన్నవాటికి పీబీఎం దగ్గర కూడా రికార్డు ఉంటుంది. నగదుకు కొన్న మందు ఆ రెండు చోట్లా కనిపించకపోవచ్చు. రక్తం పల్చబరిచే మందు ఒక షాపులో, నొప్పి మందు ఇంకో షాపులో తీసుకుంటే రక్తస్రావం ప్రమాదాన్ని పసిగట్టేవాళ్లు ఎవరూ ఉండకపోవచ్చు.

దీనికి విరుగుడు ఉంది. వాడుతున్న మందులన్నింటి జాబితా రెండు షాపులకూ ఇస్తే తమ ప్రొఫైల్‌లో రాసుకుంటారు. రెండు మూడు స్థిరమైన మాత్రలు వాడేవాళ్లకు ఈ పద్ధతి సరిపోతుంది. పది పన్నెండు మందులు వాడుతూ, తరచూ డోసు మారే పెద్దవాళ్లకైతే నెలకు ఇరవై డాలర్లు ఎక్కువైనా అన్నీ ఒకే చోట ఉంచడమే మంచిదని నా అభిప్రాయం.

షాపు మార్చడం కష్టం కాదు. కొత్త ఫార్మసీకి చెబితే పాత చోటి నుంచి మిగిలిన రీఫిల్స్ వాళ్లే తెప్పించుకుంటారు. నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే మాత్రలు, ఏడీహెచ్‌డీ మందుల్లాంటి నియంత్రిత మందులకు మాత్రం నిబంధనలు గట్టివి. వాటిని సాధారణంగా ఒక్కసారే బదిలీ చేయగలరు. అడెరాల్ లాంటి ఏడీహెచ్‌డీ మందులకైతే అసలు రీఫిల్సే ఉండవు. వాటికి డాక్టర్ చేత కొత్త షాపుకు కొత్త ప్రిస్క్రిప్షన్ పంపించుకోవడమే సాధారణంగా దారి. అందుకే మాత్రలు అయిపోయే రోజు దాకా ఆగితే చిక్కుల్లో పడతారు.

## మెడికేర్ ఉన్న పెద్దవాళ్లు, ఇండియా నుంచి వచ్చే పెద్దవాళ్లు

మెడికేర్ ప్రధానంగా 65 ఏళ్లు దాటినవాళ్లకు ఉండే ప్రభుత్వ ఇన్సూరెన్స్. అందులో మందులకు సంబంధించిన పార్ట్ డీ తీసుకున్నవాళ్లకు కొన్ని రక్షణలు ఎక్కువ. ప్లాన్ నిబంధనలకు ఒప్పుకున్న ఏ ఫార్మసీనైనా నెట్‌వర్క్‌లోకి తీసుకోవాలని చట్టం చెబుతుంది. అయినా ప్రిఫర్డ్ హోదా అందరికీ దక్కదు. ఇన్సులిన్ నెలకు 35 డాలర్లు దాటదు. జాబితాలో ఉన్న మందుల మీద సొంత ఖర్చుకు 2025లో 2,000, 2026లో 2,100 డాలర్ల వార్షిక పరిమితి ఉంది. ఖరీదైన మందు వాడేవాళ్లు ప్లాన్ ద్వారా కొంటేనే ఆ పరిమితి త్వరగా నిండి, ఆ తర్వాత ఏడాదంతా ఖర్చు ఉండదు. తయారీ కంపెనీల కోపే కార్డులు వీళ్లకు చెల్లవు. ప్లాన్ మార్చుకునే గడువు ఏటా అక్టోబర్ 15 నుంచి డిసెంబర్ 7 వరకు.

పిల్లల దగ్గరికి ఆరు నెలలు వచ్చే అమ్మానాన్నల పరిస్థితి వేరు. విజిటర్ ఇన్సూరెన్స్ సాధారణంగా పాత జబ్బుల రోజువారీ మందులకు డబ్బివ్వదు. అంటే వాళ్లకు నెట్‌వర్క్ అనే మాటే వర్తించదు, డిస్కౌంట్ కార్డు మాత్రం వర్తిస్తుంది. సందర్శకులు తమ మందులను 90 రోజులకు మించకుండా, అసలు ప్యాకింగ్‌లో, ఇంగ్లీషులో ఉన్న ప్రిస్క్రిప్షన్ లేదా డాక్టర్ ఉత్తరంతో తెచ్చుకోవాలని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సూచిస్తుంది. అంతకన్నా ఎక్కువ కాలం ఉంటే డాక్టర్ ఉత్తరం, ప్రిస్క్రిప్షన్, పాస్‌పోర్టు, వీసా కాపీలతో మిగతావి పోస్టులో తెప్పించుకోవచ్చు. అమెరికాలో స్థిరపడినవాళ్లు తమ కోసం ఇండియా నుంచి తెప్పించుకోవడం మాత్రం చాలా సందర్భాల్లో చట్టవిరుద్ధం.

చవక జెనరిక్‌ల కోసం అంత దూరం వెళ్లాల్సిన అవసరమూ పెద్దగా లేదు. అమెరికా ఫార్మసీ ఇచ్చే సీసా మీద తయారీదారు పేరు చూస్తే చాలాసార్లు అరబిందో అనో, డాక్టర్ రెడ్డీస్ అనో ఉంటుంది. రెండూ హైదరాబాద్ కంపెనీలే. ఎఫ్‌డీఏ తనిఖీలకు లోబడి తయారైన ఆ మాత్రలే ఇక్కడ డిస్కౌంట్ కార్డుతో మూడు నెలలకు పది పదిహేను డాలర్లకు దొరుకుతున్నప్పుడు, సూట్‌కేసులో ఎన్ని నెలల మాత్రలు సర్దాలన్న లెక్క కంటే ఏ మాత్ర ఇక్కడ ఖరీదైనదో ముందే చూసుకోవడం మేలు. షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్, బీపీ మాత్ర లిసినోప్రిల్ లాంటివి ఇక్కడా చవకే. కొన్ని బ్రాండ్ ఇన్హేలర్లు, షుగరుకు కొత్తగా వచ్చిన బ్రాండ్ మందులు మాత్రం ఇన్సూరెన్స్ లేకుండా కొంటే నెలకు వందల డాలర్లు కావచ్చు. 90 రోజుల సరుకు తెచ్చుకోవాల్సింది ముందు వాటినే.